వంగని పిక్‌తో మూడు వారాలు

గిటార్‌కి మందంగా ఉండే పిక్ కొని, రెండు రోజులు వాయించి, "ఇది మనకి పడదు" అని డ్రాయర్‌లో పడేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఈ ఎపిసోడ్ మీకే. ఎందుకంటే నేనూ పడేశాను.

మొదట్లో నాది 0.60 మిల్లీమీటర్ల పిక్. కార్డ్స్ కొడుతుంటే హాయిగా ఉండేది. తర్వాత కాలేజీ ఫేర్‌వెల్‌లో ఓ పాటకి సోలో బిట్ నాకిచ్చారు. స్పీడ్ పెంచితే చాలు, నోట్లు ఒకదాని మీద ఒకటి పడిపోయేవి. పల్చటి పిక్ తీగకి తగలగానే వంగుతుంది, మళ్లీ నిటారుగా రావాలి, అప్పుడే తర్వాతి నోటు. ఆ కాస్త ఆలస్యమే కొంప ముంచింది.

సరే అని 1.5 మిల్లీమీటర్లది తెచ్చాను. మొదటి రోజే సన్న తీగ తెంపేశాను! ఒకటే టకటక చప్పుడు, మణికట్టు నొప్పి. ఫేర్‌వెల్‌కి మూడు వారాలే ఉంది.

డ్రాయర్‌లోంచి మళ్లీ తీశాక అర్థమైంది. ఇన్నాళ్లూ నా మొరటు చేతిని ఆ పల్చటి పిక్ తను వంగి కాపాడింది. ఇది వంగదు. ఇక మెత్తబడాల్సింది నా చెయ్యే.

మూడు మార్పులు చేశాను. ఒకటి, పట్టు వదులు చేశాను. చేతిలోంచి జారకుండా ఉంటే చాలు. రెండు, మొన రెండు మూడు మిల్లీమీటర్లే బయటికి ఉంచాను. మూడు, పిక్‌ని కొంచెం వాలుగా పట్టాను. అప్పుడు అంచు తీగకి అడ్డుపడకుండా జారిపోతుంది. మెట్రోనోమ్ 60లో పెట్టి, ఒకే తీగ మీద కిందికీ పైకీ, రోజూ పది నిమిషాలు.

క్వీన్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయాన్ మే తెలుసుగా? ఆయన సిక్స్‌పెన్స్ నాణెంతో వాయిస్తారు. లోహం కదా, అసలు వంగదు. ఆ మెత్తదనమంతా వేళ్లదే.

కొనేటప్పుడు నాలాగా ఒకేసారి 1.5కి దూకకండి. డన్‌లప్ టోర్టెక్స్‌లో ఆకుపచ్చది 0.88, ఊదా రంగుది 1.14. ఒక్కో మెట్టూ ఎక్కండి. స్ట్రమ్మింగ్‌కి పల్చటిదే నచ్చితే అదే ఉంచుకోండి, తప్పేం లేదు.

ఫేర్‌వెల్‌లో ఏమైందంటారా? ఒక్క నోటు తప్పాను. ఆ తప్పు మాత్రం పిక్ మీదకి తోయలేదు.

మీ డ్రాయర్ ఓసారి తెరవండి. మళ్లీ కలుద్దాం.