సరఫరా గొలుసు: పరిశోధక విద్యార్థికి ఒక పాఠం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు మాధ్యమంలో అక్షరాలు దిద్దిన పిల్లలు నేడు యాజమాన్య శాస్త్రంలో స్నాతకోత్తర విద్యను అభ్యసిస్తున్నారు. ఆ చదువు చివర ప్రతి విద్యార్థీ ఒక పరిశోధన ప్రాజెక్టు సమర్పించడం పరిపాటి. ఏమి వెదకాలి, ఎట్లా వెదకాలి అన్నది అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న. సరఫరా గొలుసు నిర్వహణ అనే శాస్త్రంలో విద్యార్థులే పాత్రధారులైన ఒక ప్రయోగం ఆ ప్రశ్నకు చక్కని సమాధానం చెబుతుంది.

ఒక సబ్బు బిళ్ళ ఇంటికి చేరాలంటే కర్మాగారం, పంపిణీదారు, టోకు వ్యాపారి, చిల్లర దుకాణం అనే మెట్లు దిగిరావాలి. సరుకు కిందికి వస్తుంది. ఆర్డరు పైకి వెళుతుంది. ఈ రాకపోకలన్నిటినీ ఒకే వ్యవస్థగా చూసి నడపడమే సరఫరా గొలుసు నిర్వహణ. ఈ పేరును 1982లో కీత్ ఆలివర్ అనే సలహాదారు వాడుకలోకి తెచ్చారు. పేరు కొత్తదైనా సమస్య పాతదే. కొనుగోలుదారు కోరికలో కలిగే స్వల్పమైన మార్పు, మెట్టు మెట్టుకూ పెరిగి కర్మాగారాన్ని చేరేసరికి పెను కెరటమవుతుందని అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ఆచార్యుడు జే ఫారెస్టర్ 1958లోనే వివరించారు.

ఈ సంగతిని తరగతి గదిలో కళ్ళకు కట్టించడానికి 1960వ దశకంలో అదే సంస్థలో ఒక ఆటను రూపొందించారు. అందులోని సరుకు బీరు పెట్టెలు గనుక దానికి బీరు ఆట అని పేరు వచ్చింది. సరుకు సబ్బైనా, నూనెయైనా ఫలితం మారదు. నాలుగు మెట్లకు నలుగురు ఆటగాళ్ళు ఉంటారు. ఒకరితో ఒకరు మాట్లాడరాదు. ఆర్డరు చీటీ మాత్రమే పంపాలి. చీటీ పైకి చేరడానికీ, సరుకు కిందికి రావడానికీ కొన్ని వారాలు పడుతుంది. నిల్వ పడి ఉన్న ప్రతి పెట్టెకు వారానికి అర డాలరు ఖర్చు. అడిగినప్పుడు అందించలేని ప్రతి పెట్టెకు ఒక డాలరు. కొనుగోలుదారు మొదటి నాలుగు వారాలు నాలుగేసి పెట్టెలు అడుగుతాడు. ఐదవ వారం నుండి ఎనిమిదేసి అడుగుతాడు. ఆట ముగిసేవరకు మరే మార్పూ ఉండదు.

అయినా ఏమి జరుగుతుంది? అంగడిలో సరుకు తగ్గగానే దుకాణదారు కంగారుపడి ఎక్కువ ఆర్డరు పెడతాడు. సరుకు ఇంకా రాలేదని మరికొంత కలుపుతాడు. దారిలో ఉన్న సరుకును లెక్కలోకి తీసుకోవడం మరచిపోతాడు. పై మెట్టువారూ అట్లే చేస్తారు. కొన్ని వారాలకు అడిగినదంతా ఒక్కసారి వచ్చి గోదాములు నిండిపోతాయి, ఆర్డర్లు నిలిచిపోతాయి. విద్యార్థులూ, సంస్థల అధికారులూ ఆడిన ఆటల లెక్కలను జాన్ స్టెర్మన్ అనే ఆచార్యుడు 1989లో ప్రకటించారు. జట్లకు అయిన సగటు ఖర్చు, అవసరమైన కనీస ఖర్చుకు సుమారు పది రెట్లు. కర్మాగారం వద్ద గరిష్ఠ ఆర్డరు, చిల్లర దుకాణపు గరిష్ఠ ఆర్డరుకు సగటున రెండింతలు మించింది.

ఇంతకంటె గమనింపదగినది మరొకటి ఉంది. కొనుగోలుదారు ఎట్లా అడిగి ఉంటాడో గీసి చూపమంటే ఆటగాళ్ళలో చాలామంది ఎగసిపడే అలలను గీస్తారు. నిజానికి జరిగినది ఒకే ఒక మార్పు. అలను సృష్టించినది వారే. నింద మోసినవాడు కొనుగోలుదారు. తెలివైనవారు, నిజాయితీపరులు కూడ ఒకే విధంగా పొరబడ్డారంటే లోపాన్ని మనుషులలో కంటె ముందుగా ఏర్పాటులో వెదకాలి.

1997లో హౌ లీ, వి. పద్మనాభన్, స్యుంగ్‌జిన్ వాంగ్ అనే పరిశోధకులు ఈ అలకు నాలుగు కారణాలు చెప్పారు. కింది మెట్టు ఆర్డరునే అసలు గిరాకీ అనుకొని అంచనాలు మార్చడం, ఆర్డర్లను పోగుచేసి ఒక్కసారి పంపడం, ధరల తగ్గింపులు, కొరత భయంతో కావలసినదానికంటె ఎక్కువ అడగడం. పసిపిల్లల డైపర్ల వాడకం నిలకడగానే ఉన్నా, వాటి ఆర్డర్లు మాత్రం పై మెట్లలో ఎగుడుదిగుడుగా ఉండడాన్ని వారు ఉదాహరణగా చూపారు. కొరడా పిడిని కాస్త కదిపితే కొస ఎంతో దూరం విసురుకొన్నట్లు ఉంటుంది గనుక దీనికి కొరడా ప్రభావమని పేరు. 2020లో అమ్మకాలు పడిపోయి కార్ల సంస్థలు చిప్పుల ఆర్డర్లు తగ్గించుకొన్నాయి. గిరాకీ త్వరగా కోలుకొనేసరికి చిప్పులు దొరకక 2021లో ఎన్నో కర్మాగారాలు పని ఆపవలసివచ్చింది.

ఇట్టి ప్రాజెక్టు చేయదలచిన విద్యార్థికి పెద్ద సంస్థే కావాలన్న నియమం లేదు. వీధి చివరి కిరాణా దుకాణం చాలు. ఒక్క సరుకును ఎన్నుకొని, ఏడాదిపాటు వారం వారం అమ్మినదెంత, ఆర్డరు పెట్టినదెంత అని యజమాని అనుమతితో రాసుకోవాలి. ఆర్డర్ల ప్రామాణిక విచలనాన్ని అమ్మకాల ప్రామాణిక విచలనంతో భాగించాలి. ఫలితం ఒకటికి మించితే అల ఆ దుకాణంలోనే మొదలైనట్లు. ఎందుకని యజమానినే అడగాలి. నెలకొకసారి వచ్చే లారీ కారణం కావచ్చు, పండుగ తగ్గింపు కావచ్చు. ఆ సంభాషణ తెలుగులోనో, స్థానిక భాషలోనో సాగుతుంది. బాల్యంలో అబ్బిన భాష అక్కడ పరిశోధనకు పనిముట్టవుతుంది.

డబ్బిచ్చి నివేదిక రాయించుకొనడం, పాత నివేదికలో సంస్థ పేరు మార్చి సమర్పించడం నేడు అక్కడక్కడ కనబడుతున్న దురలవాటు. అంకెలు కల్పించినవాడు చివరకు తన్ను తానే మోసగించుకొంటాడు. చిన్నదైనా నిజమైన లెక్క, పెద్దదైన అబద్ధం కంటె విలువైనది. తల్లిదండ్రులు పట్టాతోపాటు ఆ నివేదికను కూడ అడిగి చదవాలి. అర్థం కానిచోట పిల్లలచేత చెప్పించుకోవాలి. తాను కనుగొన్నదాన్ని తల్లికి విప్పి చెప్పగలిగిన విద్యార్థికి ఆ విషయం నిజంగా తెలిసినట్లే.

బడి కూడ ఒక గొలుసే. బిడ్డ ఇబ్బంది ఇంటికీ, ఇంటి ఇబ్బంది ఉపాధ్యాయునికీ ఆలస్యంగా చేరితే చిన్న వెనుకబాటు పెద్ద భయమవుతుంది. వేళకు మాట్లాడుకొంటే అలలు చల్లబడతాయి.  ఇక్కడి విద్యార్థులు తమ పరిశోధనలలో సత్యాన్నే కొలమానంగా గ్రహింతురు గాక!