రేషన్ కార్డు కోసే యంత్రాన్ని అడిగేదెవరు?

(నవాబుపేట మండలంలో రేషన్ హక్కు మీద జరిగిన సభలో ప్రసంగం)



కృత్రిమ మేధ, అదే ఏఐ అంటే పెద్దోళ్ల ముచ్చట అనుకుంటున్నం. దాని కోసం అమెరికా, చైనా పోటీ పడుతున్నయి. మన కేంద్రం కూడా 2024లో 10 వేల 300 కోట్లకు పైగా మంజూరు చేసింది. కానీ ఇసుంటి యంత్రం మన కంచంల ఎప్పుడో చెయ్యి పెట్టింది.

తెలంగాణలో 2014 నుండి 2019 దాకా దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయినయి. 2016 నుండి ఈ ఏరివేతకు ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటరు పద్ధతిని వాడిండ్రు. అది అన్ని శాఖల లెక్కలు కలిపి, పేరూ చిరునామా దగ్గరగా ఉంటే ఇద్దరూ ఒకటే అంటది. హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుని కుటుంబానికి కారున్నదని కార్డు ఇయ్యలేదు. ఆ కారు అసుంటి పేరే ఉన్న వేరే మనిషిది!

బడిలో ఇద్దరు యాదయ్యలుంటే నేను మొకం చూస్త, తండ్రి పేరడుగుత. యంత్రం అక్షరాలే చూస్తది. మరి మన పేర్లను ఏ దఫ్తరంల సక్కగ రాసిండ్రు? ఓటరు లిస్టుల ఒక తీరు, ఆధార్‌ల ఒక తీరు, పాసుబుక్కుల ఇంకో తీరు. రాసినోని నిర్లక్ష్యం మన మెడకు చుట్టుకుంటది.

2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డుల మీద మళ్లా విచారణ చేయమన్నది. చేస్తే వేల కుటుంబాలు అర్హులేనని తేలింది. మరి అన్నేండ్ల బియ్యం ఎవరు తిరిగిస్తరు?

నెదర్లాండ్స్ దేశంలో పిల్లల సంరక్షణ సాయం తీసుకున్న వేల కుటుంబాలను దొంగలని తప్పుగా ముద్రేసిండ్రు. ఎవరిని అనుమానించాల్నో ఏరింది అక్కడ కూడా కంప్యూటరే. 2021 జనవరిలో ఆ ప్రభుత్వమే రాజీనామా చేసింది. యూరప్ 2024లో చట్టం తెచ్చి, సర్కారు సాయానికి అర్హులెవరో తేల్చే ఏఐని ప్రమాదకరమైన వాటిల చేర్చింది. దాని మీద మనిషి నిఘా ఉండాలన్నది. మన కేంద్రం 2025 నవంబరులో ఇచ్చినవి మార్గదర్శకాలే, చట్టం కాదు.

అట్లని మన చేతిల ఏమీ లేదనుకోవద్దు. 2013 ఆహార భద్రతా చట్టం కింద జిల్లాకు ఫిర్యాదుల అధికారి, రాష్ట్రానికి ఆహార కమిషన్ ఉండాలె. కార్డు పోతే ‘కంప్యూటర్ల రాలేదు’ అన్న మాట విని ఇంటికి రావొద్దు. కారణం కాయితం మీద అడగాలె. దరఖాస్తిచ్చి రసీదు తీసుకోవాలె. ఒక్కరు పోవద్దు, పది మంది కలిసి పోవాలె.

నోటీసియ్యకుండా, ఇంటికొచ్చి చూడకుండా ఏ కార్డూ తీయొద్దు. ఇదే మన డిమాండు. యంత్రం అనుమానపడితే పడనీ, తీర్పు మాత్రం మనిషి చెప్పాలె, ఆ మనిషి మనకు జవాబు చెప్పాలె.

జై భీమ్!