మందకాడి బిడ్డ, కాపలా కుక్క

(కమలాపురంలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ సంగతులు నాకంటే బాగా తెలిసినవారు మాట్లాడతారు. నేను పశుసంవర్ధక శాఖలో పనిచేసినవాణ్ణి. అందుకని కార్యదర్శిగారు నాకు వేరే విషయం అప్పగించారు. సెలవులకు వచ్చిన పిల్లలు కారులో గుడారం, పసిబిడ్డ, పెంపుడు కుక్కలతో సహా గండికోటకు పోయి రాత్రి అక్కడే ఉందామంటున్నారు. పోవచ్చునా, పోతే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అని సభ్యులు అడుగుతున్నారట.

మనకు క్యాంపు అంటే ముందు గుర్తొచ్చేది టి.ఎ. బిల్లు. పిల్లలకు క్యాంపు అంటే సరదా. అయితే మన సీమలో బిడ్డలనూ కుక్కలనూ వెంటబెట్టుకుని నెలల తరబడి బయలులో కాపురం చేసేవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. వాళ్ళే మన గొర్రెల కాపరులు. పంట కోసిన చేలో రైతు మందను పెట్టించుకుంటాడు. గొర్రెల పెంట, మూత్రం నేలకు ఎరువు. అందుకు కాపరికి గింజలో, డబ్బో ముడుతుంది. ఈ చేలో నాలుగు రాత్రులు, ఆ చేలో నాలుగు రాత్రులు, మేత అయిపోతే మరో ఊరు. ఉద్యోగరీత్యా మందలకు చిటుకు రోగం టీకాలు వేయడానికి పోయి, ఆ రొప్పాల పక్కన చాలా పొద్దులు గడిపాను. క్యాంపు ఎలా వేయాలో అక్కడ చూసినంత బాగా మరెక్కడా చూడలేదు.

మొదటిది చోటు. అనుభవమున్న కాపరి వానకాలంలో వంకలో మంద నిలపడు, గట్టు మీద నిలుపుతాడు. పాపాఘ్ని, పెన్న కలిసే ఊరు మనది. ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనబడుతుంది కాబట్టి ఏటిలో గుడారం వేస్తే హాయిగా ఉంటుందనిపిస్తుంది. 2021 నవంబరులో వెలిగల్లు నీళ్ళు వదిలితే పాపాఘ్ని పొంగి మన దగ్గరి వంతెనే కూలింది. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉండగానే ఏరు రావచ్చు. కనుక ఏటిలో పడక వద్దు. గండికోటలో ఇంకో సంగతి ఉంది. పెన్న ఎర్రమల కొండలను కోసుకుంటూ పారిన ఆ లోయ అంచున చాలాచోట్ల అడ్డు లేదు. నడక వచ్చిన బిడ్డ ఉన్నవాళ్ళు అంచుకు బాగా దూరంగా దిగాలి. చీకటి పడ్డాక బిడ్డ చేయి వదలకూడదు.

రెండవది పడక. పసిబిడ్డను కాపరి ఇల్లాలు వట్టి నేలమీద పండబెట్టగా నేను చూడలేదు. చెట్టుంటే కొమ్మకు చీర ఉయ్యాల, చెట్టు లేకపోతే మూడు కర్రలు కట్టి ఉయ్యాల. ఎందుకమ్మా అంటే, "పురుగూ పుట్రా తిరిగే నేల గదా సార్" అనింది ఒకామె. ఆమె మాటలో శాస్త్రం ఉంది. కట్లపాము రాత్రిళ్ళు తిరిగే పాము. నేలమీద నిద్రపోయేవాళ్ళనే ఎక్కువగా కాటేస్తుంది. నొప్పి పెద్దగా తెలియదు. అందుకని బిడ్డకు మడత మంచం, దోమతెర ఉండాలి. లేచి నడిస్తే చెప్పులు, టార్చిలైటు ఉండాలి. కాటు పడితే కోయడం, గట్టిగా కట్టడం, మంత్రం వేయించడం వద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి.

మూడవది కుక్క. ఇది నా సబ్జెక్టు. మందకుక్క ఉద్యోగం తోడేలును, నక్కను, దొంగను దగ్గరికి రానీయకపోవడం. దానికి తన గొర్రెలు, తన మనుషులు, తన బిడ్డ మాత్రమే తెలుసు. కాపరి బిడ్డ దాని మెడమీద పడి ఆడుకుంటుంటే మన మనవడు కూడా అలాగే పోయి కౌగిలించుకోబోతాడు. అది తప్పు అని బిడ్డకు ముందే చెప్పాలి. మన పెంపుడు కుక్కను మంద దరిదాపుల్లోకి గొలుసు లేకుండా వదలకూడదు. కాపలా కుక్కలు మీద పడితే విడిపించబోయిన మనిషికే కాటు పడుతుంది.

కాటు అన్నాను కాబట్టి అసలు విషయానికి వస్తాను. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు. మనుషులకు వచ్చే రేబిస్‌లో నూటికి 99 కుక్కల ద్వారానే వస్తుంది. పిల్లలకు ముప్పు ఎక్కువ. ఎత్తు తక్కువ కాబట్టి కాటు ముఖానికో మెడకో పడుతుంది. తిడతారని భయపడి ఇంట్లో చెప్పరు కూడా. అందుకే మనవళ్ళతో మొదట చెప్పవలసిన మాట ఇది: "కుక్క కరిచినా, గీరినా వెంటనే చెప్పు నాయనా, నిన్ను ఎవరూ ఏమీ అనరు."

చెప్పిన వెంటనే చేయవలసినది, ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగడం. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి ఏదీ పెట్టకూడదు. తర్వాత ఆసుపత్రికి పోవాలి. మొదటి సూది రోజును సున్నాగా లెక్కిస్తే 0, 3, 7, 28 రోజుల్లో చేతికి టీకా వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి. బొడ్డు చుట్టూ 14 సూదులన్న భయం మన తరం వాళ్ళకు ఇంకా పోలేదు. ఆ పాత టీకాను మన దేశంలో 2005 నాటికే మానేశారు. ఆ భయంతో ఆలస్యం చేస్తే బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది.

ప్రయాణానికి కనీసం నెల రోజుల ముందే మన కుక్కకు రేబిస్ టీకా పూర్తయి ఉండాలి, తర్వాత ఏటేటా వేయించాలి. జులై 6న జూనోసిస్ దినం. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ ఒక పిల్లవాడికి మొట్టమొదట రేబిస్ టీకా వేయించారు. ఆ సందర్భంగా పశువైద్యశాలల్లో ఉచితంగా టీకాలు వేస్తుంటారు. మన కుక్కను తీసుకుపోయేటప్పుడు ఊరి పక్కన మంద దిగి ఉంటే ఆ కాపరికీ కబురు చెప్పండి. ఊరూరా తిరిగే కుక్కకు టీకా తేదీ గుర్తుచేసేవారు ఉండరు.

ఇంకొక జబ్బు ఉంది. దాని పేరు విన్నవారు తక్కువ. గొర్రెను కోసినప్పుడు కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు కనబడతాయి. వాటిని పనికిరావని కుక్కకు వేస్తారు. ఆ తిత్తుల్లోని పురుగు కుక్క పేగుల్లో పెరుగుతుంది. దాని గుడ్లు పెంటలో పడి, కుక్క బొచ్చుకు అంటి, బిడ్డ చేతుల మీదుగా నోట్లోకి పోతాయి. ఏళ్ళు గడిచాక మనిషి కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో తిత్తి పెరిగి ఆపరేషను దాకా వస్తుంది. దీన్నే హైడాటిడ్ వ్యాధి అంటారు. క్యాంపులో వేట మాంసం వండుకునేవారు తిత్తులున్న ముక్కలను కుక్కకు వేయకుండా లోతుగా పూడ్చాలి. పశువైద్యుడు చెప్పిన గడువు ప్రకారం కుక్కకు ప్రాజిక్వాంటెల్ మందు వేయించాలి. కుక్కతో ఆడిన బిడ్డ సబ్బుతో చేతులు కడుక్కున్నాకే సంగటి ముద్ద ముట్టాలి.

మన ఎండల్లో కుక్కను తీసుకుపోవడం హింస. దానికి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పి వేడి దించుకుంటుంది. కాలిన బండ మీద పాదాలు బొబ్బలెక్కుతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. లంకమల వంటి అభయారణ్యాల్లోకి అనుమతి లేకుండా పోకూడదు, కుక్కలను తీసుకుపోవడం అసలే తగదు. 1900 తర్వాత కనబడకుండా పోయిన కలివికోడి 1986లో మళ్ళీ కనబడింది మన జిల్లాలోనే. నేలమీద తిరిగే పిట్ట అది. మన సరదా దానికి గండం కాకూడదు.

ఇన్ని చెప్పానని పిల్లలను ఆపవద్దు. పోనివ్వండి, వీలైతే మీరూ పోండి. అవ్వ చెప్పే కథ ఇంట్లో కంటే చుక్కల కింద బాగుంటుంది. దారిలో మంద దిగి ఉంటే కారు దూరంగా ఆపి, కాపరిని పిలిచి, కుక్కలను అదుపు చేయించి, ఆ కుటుంబంతో నాలుగు మాటలు మాట్లాడించండి. మనవాళ్ళు రెండు రాత్రులకు చేసే ఏర్పాటును ఆ తల్లి ఏడాదిలో ఎన్నిసార్లు చేస్తుందో, ఆమె బిడ్డ బడి సంగతి ఏమవుతుందో అడిగి తెలుసుకోనివ్వండి. మనలో మాస్టర్లుగా రిటైరైనవారు ఎందరో ఉన్నారు. మన ఊరి పొలిమేరలో మంద ఉన్నన్ని రోజులైనా ఆ బిడ్డకు పలక పట్టించడం మనకు భారం కాదు. ఈ పని సంఘం తరఫున ఎవరు మొదలుపెట్టినా, నేను ఆ మంద కుక్కల టీకాల సంగతి చూసుకుంటాను.