నలభై రోజులు అడవిలో



ఈ రోజు నలుగురు పిల్లల సంగతి చెప్పుకుందాం. ఇది కట్టుకథ కాదు. 2023లో జరిగింది. మన దేశంలో కాదు, చాలా దూరాన ఉన్న కొలంబియా దేశంలో. అక్కడ అమెజాన్ అనే మహా అడవి ఉంది. చెట్లు 40 మీటర్ల ఎత్తు ఉంటాయి. అంటే మన తాడిచెట్టు మీద ఇంకో తాడిచెట్టు నిలబెట్టినట్టు. కింద ఎండ పడదు. వాన మాత్రం విడవకుండా పడుతుంది. ఇరవై అడుగులు వేస్తే వెనక ఉన్న మనిషి కనపడడు.

ఆ అడవిలో హుయిటోటో అనే గిరిజనులు ఉంటారు. వాళ్ళలో ఒక తల్లి తన నలుగురు పిల్లలను తీసుకుని చిన్న విమానం ఎక్కింది. అక్కడ రోడ్లు లేవు. మనం బస్సు ఎక్కినట్టు వాళ్ళు విమానం ఎక్కుతారు. పెద్దమ్మాయికి 13 ఏళ్ళు. రెండో అమ్మాయికి 9. పిల్లాడికి 4. చంటిదానికి 11 నెలలు. పాకే వయసు.

మే 1న తెల్లవారి విమానం ఇంజను చెడింది. విమానం చెట్ల మీద పడింది. ముందు భాగం నుజ్జునుజ్జయింది. విమానం నడిపే ఆయన, ఇంకో పెద్దాయన, తల్లి, ముగ్గురూ చనిపోయారు. పిల్లలు నలుగురూ బతికారు.

ఇప్పుడు ఆ పదమూడేళ్ళ పిల్ల ఏం చెయ్యాలి? అమ్మ లేదు. చుట్టూ అడవి. చంకలో చంటిపాప.

ఆ పిల్ల విమానంలో వెతికింది. పిండి సంచి దొరికింది. అది ఏం పిండో తెలుసా? కర్ర పెండలం పిండి. మన సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం చేస్తారే, ఆ దుంపే. అక్కడి వాళ్ళకు అది అన్నం లాంటిది. పిండిని వాళ్ళు ఫరీన్యా అంటారు. ఆ దుంపల్లో చేదు రకానికి విషం ఉంటుంది. పచ్చిది తింటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని దుంపను తురుముతారు. నీళ్ళు పిండేస్తారు. పెద్ద పెనం మీద వేయిస్తారు. అప్పుడు విషం పోతుంది. ఇట్లా చేసిన పిండి చాలా రోజులు నిలవ ఉంటుంది. ఈ పద్ధతి ఏ కాలేజీలో పుట్టింది? ఎక్కడా కాదు. ఆడవాళ్ళ చేతుల్లో పుట్టింది.

పిండి ఎన్ని రోజులు వస్తుంది? కొన్ని రోజులు వచ్చింది, అయిపోయింది. తరువాత పళ్ళు, గింజలు ఏరుకున్నారు. అక్కడ ఒక రకం తాటి జాతి చెట్టు ఉంది. దాని పళ్ళు తిన్నారు. అది పళ్ళు కాసే కాలం కావడం వాళ్ళ అదృష్టం. కానీ అడవిలో తినే పండు ఒకటైతే, తినరానివి పది ఉంటాయి. ఏది తినాలో, ఏది ముట్టుకోకూడదో ఆ పిల్లకు తెలుసు. అమ్మమ్మ నేర్పింది. చిన్నప్పుడు ఇంటి ఆడవాళ్ళతో కలిసి కొమ్మలతో గుడిసె కట్టే ఆట కూడా ఆడేదట. ఆట అనుకున్నది అడవిలో అక్కరకు వచ్చింది. కొమ్మలు వంచి, జడకు కట్టుకునే రిబ్బన్లతో కట్టి, గూడు వేసింది. సీసాలో నీళ్ళు పట్టుకుంది.

పసిపిల్లను సాకడం కూడా ఆ పిల్లకు ముందే వచ్చు. తల్లి పనికి పోతే తానే చూసుకునేది. ఇక్కడ ఒక మాట. ఇది విని, "చూశారా, అందుకే పెద్దపిల్లను బడి మాన్పించి చంటిదాన్ని ఎత్తుకోమంటాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ పిల్ల చేసింది గొప్ప పనే. కానీ పదమూడేళ్ళ పిల్ల తలమీద అంత బరువు పడకూడదు. పని నేర్పడం వేరు, బడి మాన్పించడం వేరు.

ఇక వెతికేవాళ్ళ సంగతి. విమానం జాడ దొరకడానికే రెండు వారాలు పట్టింది. అందులో పెద్దవాళ్ళ శవాలు ఉన్నాయి. పిల్లలు లేరు. దగ్గరలో పాలసీసా దొరికింది. కొరికి పారేసిన పండు దొరికింది. చిన్న చిన్న కాలి గుర్తులు కనపడ్డాయి. అంటే పిల్లలు బతికే ఉన్నారు!

సైనికులు దిగారు. అన్నం పొట్లాలు, ఈలలు పైనుంచి పడవేశారు. అమ్మమ్మ గొంతును రికార్డు చేసి, హెలికాప్టరు నుంచి మైకులో వినిపించారు. "మీకోసం వెతుకుతున్నారు, కదలకుండా ఒకచోట ఉండండి" అని వాళ్ళ భాషలోనే చెప్పింది. అయినా పిల్లలు ఒకచోట ఉండలేదు. భయపడి దాక్కున్నారు కూడా. ఒకసారి వెతికేవాళ్ళు చాలా దగ్గరగా, 50 మీటర్ల లోపలే దాటిపోయారట. పిల్లలు ఉలకలేదు, పలకలేదు. భయం అట్లాంటిది.

సైనికులకు యంత్రాలు తెలుసు. అడవి తెలియదు. గిరిజనులకు అడవి తెలుసు. యంత్రాలు లేవు. ఇద్దరూ కలిశారు. జూన్ 9న, 40వ రోజున, గిరిజనులే పిల్లలను చూశారు. విమానం పడిన చోటికి అయిదు కిలోమీటర్ల దూరంలో. చిక్కి శల్యమై, ఒళ్ళంతా పురుగు కాట్లతో ఉన్నారు. పాపకు అడవిలోనే ఏడాది నిండింది.

మన పిల్లలు అమెజాన్‌కు పోరు. కానీ మేకల వెంట పోతారు. తునికి పళ్ళకు పోతారు. జాతరలో చెయ్యి వదిలేస్తారు. అమెరికాలో 1981లో తొమ్మిదేళ్ళ పిల్లాడు కొండ మీద తప్పిపోయి చనిపోయాడు. వెతికిన వాళ్ళు ఆ బాధతో పిల్లలకు ఒక పాఠం తయారుచేశారు. తప్పిపోయావని తెలిసిన వెంటనే నడక ఆపు. ఒక చెట్టును పట్టుకో. దాన్ని వదలకు. నడిచేకొద్దీ దూరం పెరుగుతుంది, వెతికేవాళ్ళకు పని పెరుగుతుంది. ఈ పాఠం పిల్లలకు ఇంట్లో చెప్పవచ్చు. ఖర్చు లేదు. మెడలో ఈల కడితే మరీ మంచిది. అరుపు కన్నా ఈల దూరం పోతుంది, గొంతు పోదు. "పిలిస్తే పలుకు, కొట్టను" అని కూడా ముందే చెప్పాలి. చాలామంది పిల్లలు దెబ్బలకు భయపడి పలకరు.

గన్నేరు, ఉమ్మెత్త, గురివింద గింజ, అడవి ఆముదం గింజ. వీటిని చూపించి "ఇది విషం" అని చెప్పాలి. అడవి ఆముదం గింజలు తిని పిల్లలు గుంపులుగా వాంతులు చేసుకుని ఆసుపత్రి పాలైన సంగతి మన పల్లెల్లో కొత్త కాదు. తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు, మండలం పిల్లలకు నోటికి రావాలి. మీకు ఇప్పుడు రాయడం వచ్చింది కదా. జాతరకు పోయే ముందు ఇవి కాగితం మీద రాసి, పిల్లల జేబులో పెట్టండి. తప్పిపోయిన పిల్లల కోసం 1098 అనే ఫోను నంబరు ఉంది. డబ్బులు పడవు.

చివరగా కుక్క సంగతి మిగిలింది. సైన్యంలో విల్సన్ అనే కుక్క ఉంది. అది పిల్లల జాడ పట్టడంలో సాయం చేసింది. తరువాత తానే అడవిలో తప్పిపోయింది. ఆసుపత్రిలో పిల్లలకు కాగితం, రంగులు ఇచ్చారు. ఆడపిల్లలిద్దరూ కుక్క బొమ్మ గీశారు. సైనికులు దాని కోసం మళ్ళీ అడవిలోకి పోయారు. చాలా రోజులు వెతికారు. అది దొరకలేదు.