సూదితో రాసిన పద్యం

రామతీర్థం చుట్టుపక్కల పాత ఇళ్ళల్లో అద్దం కట్టించి గోడకు తగిలించిన కుట్టుపని ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. మ్యాటీ గుడ్డ మీద రెండు చిలకలు, ఓ గులాబీ కొమ్మ, మధ్యలో ‘శ్రీరామ’ అనో ‘సుస్వాగతం’ అనో రంగుదారపు అక్షరాలు.

అమెరికాలో దీనికి దూరపు చుట్టం ఒకటుంది, పేరు సాంప్లర్. అక్కడ దొరికినవాటిలో అన్నిటికన్నా పాతదని చెప్పేది 1653 ప్రాంతంలో లోరా స్టాండిష్ అనే అమ్మాయి కుట్టినది. మసాచుసెట్స్ రాష్ట్రం ప్లిమత్‌లోని పిల్‌గ్రిమ్ హాల్ మ్యూజియంలో ఉంది.

సాంప్లర్లను ఆడపిల్లలు నార బట్ట మీద పట్టుదారంతో, పోగులు లెక్కపెట్టుకుంటూ కుట్టేవారు. ముందు అక్షరాలు, అంకెలు. దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతుకులో కలిసిపోకుండా మూలన పొడి అక్షరాలు కుట్టాలి కదా, అందుకు అభ్యాసం. చుట్టూ స్ట్రాబెర్రీ తీగలు, పూల అంచు. కింద ఓ పద్యం, పేరు, వయసు, సంవత్సరం.

ఆ పద్యాలు చాలావరకు భక్తి, వినయం, చావు గురించే. ఐజాక్ వాట్స్ కీర్తనల్లోంచి తీసుకున్నవి బోలెడు. ఎనిమిదేళ్ళ పిల్ల చేత మృత్యువు గురించి కుట్టించడం నాకైతే కాస్త కఠినంగానే తోస్తుంది. పూలు మాత్రం హాయిగా విచ్చుకుని ఉంటాయి.

కొన్ని సాంప్లర్లలో సంవత్సరం అంకెలు ఒకటి రెండు ఊడదీసి ఉంటాయి. చిమ్మెటల పని కాదు. కుట్టిన ఆ పిల్లలే పెద్దయ్యాక విప్పేశారట, వయసు బయటపడకుండా!