ఏడేసి పూసల రెండు దండలు

ఏకాగ్రతకు సెమాక్స్, ఆందోళనకు సెలాంక్ అంటూ ఇంటర్నెట్‌లో అమ్ముతున్నారు. రెండూ మాస్కోలోని మాలిక్యులర్ జెనెటిక్స్ సంస్థలో పుట్టిన పెప్టైడ్లు. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన చిన్న దండ. వీటిలో ఏడేసి పూసలుంటాయి. చివరి మూడూ రెండింటికీ ఒకటే: ప్రోలిన్, గ్లైసిన్, ప్రోలిన్. ఆ తోక వల్లే ఎంజైములు దండను అంత త్వరగా తెంచలేవు. తేడా అంతా మొదటి నాలుగు పూసల్లో ఉంది. సెమాక్స్‌లో అవి ఏసీటీహెచ్ అనే హార్మోనులోని ముక్క. సెలాంక్‌లో అయితే రోగనిరోధక వ్యవస్థకు చెందిన టఫ్ట్‌సిన్. మింగితే కడుపులో జీర్ణమైపోతాయి గనుక ముక్కులో చుక్కలుగా వేస్తారు.

రష్యాలో పక్షవాతానికి సెమాక్స్, ఆందోళన రుగ్మతకు సెలాంక్ వాడుతున్నారు. సెలాంక్ మత్తు తేకుండానే ఆందోళన తగ్గించిందని అక్కడి అధ్యయనాలు చెప్పాయి. కానీ అవి చిన్నవి, ఎక్కువగా రష్యాలోనే జరిగినవి. ఆరోగ్యంగా ఉన్న విద్యార్థికి చదువు మీద ధ్యాస పెరుగుతుందనడానికి అవి చాలవు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రెండింటినీ ఆమోదించలేదు. 'పరిశోధనకు మాత్రమే' అని చీటీ అంటించి అమ్మే సీసాలో నిజంగా ఏముందో కొన్న పిల్లలకు తెలిసే దారి లేదు. నా భయమంతా దాని గురించే.

ఆందోళనతో గుండెదడ, నిద్రలేమి వారాల తరబడి వేధిస్తుంటే ఈ సీసాల జోలికి పోకుండా మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.