లా చదివి గీత పట్టిన బాపు
కిష్టారెడ్డిపేట నుంచి పటాన్‌చెరు డ్యూటీకి పోతూ ఫోన్‌లో మాంగా చదివేవాళ్లకి ఒసాము తెజుకా తెలిసే ఉంటాడు. డాక్టర్ చదువు చదివి బొమ్మలేశాడు. మనకీ అలాంటి మనిషి ఉన్నారు, బాపు.

1933లో నరసాపురంలో పుట్టారు. మద్రాసులో లా చదివారు, కానీ గీత వదల్లేదు. ముళ్లపూడి వెంకటరమణ రాసిన బుడుగుకి రూపం ఇచ్చింది ఆయనే. 1967లో ‘సాక్షి’తో డైరెక్టర్ అయ్యారు. సినిమా షాట్లు కూడా ముందే బొమ్మలుగా గీసుకునేవారు. చివరికి ఆయన చేతిరాతే కంప్యూటర్ ఫాంట్ అయింది. కార్టూన్, సినిమా, అక్షరం, అన్నిటికీ పెట్టుబడి ఒక్క గీతే!

బీటెక్ చేసి బొమ్మలేంట్రా అని ఇంట్లో అంటారు. ఉద్యోగం మానెయ్యమని నేను చెప్పను. షిఫ్ట్ అయ్యాక రోజుకో బొమ్మ గీయండి, చాలు. మళ్లీ కలుద్దాం!